దస్తగిరి కాళ్ల దగ్గర

పులిచింతల ప్రాజెక్టు వెనక నీళ్లు ఈ ఎండాకాలం బాగా తగ్గి, మునిగిపోయిన పాతూరి ఖబరస్తాన్ బయటపడిందని ఎవరో వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే నిఖత్ ఆ ఫొటోను పెద్దది చేసుకుని చాలాసేపు చూసింది. ఎండిన బురదలో అటూ ఇటూ ఒరిగిన నాపరాళ్లు. వాటి కింద ఉన్నది తన వాళ్లే.

కొన్నాళ్లుగా ఆమె వంశవృక్షం తయారుచేస్తోంది. పిడుగురాళ్లలో ఒక పెళ్లికి వెళ్తే, పక్కన కూర్చున్నావిడ "మీరు మాకు ఏమవుతారమ్మా?" అని అడిగింది. చుట్టాలే అయ్యుంటారు, లేకపోతే ఆ పెళ్లికి పిలవరు. ఏమవుతారో మాత్రం ఇద్దరికీ తెలియలేదు. అప్పుడు మొదలుపెట్టింది నిఖత్. ఫోన్లో ఒక యాప్ వేసుకుని, కనపడిన ముసలివాళ్లనల్లా అడిగి, తాత దస్తగిరి దాకా, ఆయన తండ్రి దాకా వెళ్లగలిగింది. ఆ పైన దారి లేదు. వాళ్లది దూది ఏకే కుటుంబం. పాతూళ్లో ఉన్న నాలుగిళ్లూ అన్నదమ్ములవే, చేలగట్టున ఉన్న ఆ ఖబరస్తానూ వాళ్లదే. ప్రాజెక్టు వచ్చాక మనుషులకు వేరేచోట కాలనీ ఇచ్చారు. సమాధులు అక్కడే నీళ్ల కింద ఉండిపోయాయి.

ఏ సమాధి ఎవరిదో అడిగి తెలుసుకుందామని నిఖత్ మేనత్త రషీదా ఇంటికి వెళ్లింది. నాన్న తోడబుట్టినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే.

"నేనూ వత్తా," అంది రషీదా.

"అక్కడ బండి పోదు అత్తా. బురదలో నడవాలి. నేను ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తాగా."

"ఫొటోలో నాకేం తెలుసుద్దే? నేనూ వత్తానంటన్నాగా."

ఆదివారం తెల్లవారుతూనే నిఖత్ భర్త షాకిర్ ఆటో తీశాడు. అతను మెకానిక్కు. రాళ్లు కదిలించాల్సి వస్తుందని గడ్డపార, నీళ్ల క్యాను, రెండు బ్రష్షులు వెనక పడేశాడు. రోడ్డు ఆగిపోయిన చోట దిగి, పలకలుగా విచ్చుకున్న నేల మీద నడిచారు. ఎండిన నత్తగుల్లలు కాళ్ల కింద పటపటలాడాయి. షాకిర్ రషీదా చెయ్యి వదల్లేదు.

చాలా రాళ్ల మీద అసలేమీ రాసి లేదు. కొన్నిటి మీద దూదేకే విల్లు బొమ్మ మాత్రం చెక్కారు. నిఖత్ ఒక్కో రాయి మీద నీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది, ఫొటో తీసుకుంటూ పోయింది. ఒక పాత రాయి మీద వంకర టింకర తెలుగు అక్షరాలు తేలాయి: నూర్ మొహమ్మద్.

"అత్తా! ఈయన తాతకు తాత అయ్యుంటాడా?"

"మా నాయన నోట ఆ పేరు విన్నట్టే ఉంది. గట్టిగా చెప్పలేనే." రషీదా ఆ రాయి వైపు సరిగ్గా చూడను కూడా లేదు. "మా నాయనేడి? మా నాయన్ని చూడండి ముందు."

దస్తగిరి రాయి దొరకడానికి చాలాసేపు పట్టింది. అది బోర్లా పడి, సగం బురదలో కూరుకుపోయి ఉంది. షాకిర్ గడ్డపారతో పైకి లేపితే పేరు కనిపించింది. విరిగిన మొదలు కాస్త అవతల నేలలోనే నిలబడి ఉంది.

"ఇదీ మొదలు. అంటే తల ఇటు," అన్నాడు షాకిర్.

తల ఉత్తరానికైతే కాళ్లు దక్షిణానికి. ఆ లెక్క రషీదాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె ఆ విరిగిన మొదలు నుంచి దక్షిణంగా ఒక మనిషి పొడవు నడిచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద కూర్చుంది.

"ఇక్కడే పెట్టామని చెప్పాడు మీ మామ. మా నాయన కాళ్ల దగ్గర."

"ఎవర్ని అత్తా?"

"నా కూతుర్ని."

నిఖత్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అత్తకు ఇద్దరు కొడుకులే అని ఆమెకు తెలుసు. వంశవృక్షంలో రాసుకున్నదీ అంతే.

"నేను పచ్చిబాలింతని. ఆయన గుడ్డలో చుట్టుకొని ఎత్తుకెళ్లాడు. ఆడోళ్లు ఇక్కడికి రాగూడదన్నారు, నేనూ రాలా. తర్వాత చేలోకి పోతా వత్తా ఇటు చూసుకునేదాన్ని. ఊరు ఖాళీ చేసిన్నాడు గూడా ట్రాక్టర్ మీంచి చూశా, అంతే."

ఆ చోట గుర్తేమీ లేదు. బురద అంతటా ఒకేలా ఎండింది.

"చిన్న రాయేదన్నా పాతారేమో. తవ్వి చూడనా అత్తమ్మా?" అని షాకిర్ గడ్డపార ఎత్తాడు.

"వద్దు నాయనా! గుచ్చొద్దు."

అతను ఉలిక్కిపడి, గడ్డపారను దూరంగా తీసుకెళ్లి మెల్లగా పడుకోబెట్టి వచ్చాడు.

నిఖత్ అత్త పక్కన కూర్చుని ఫోన్ తీసింది. "రాస్తా అత్తా. పేరేంది?"

"పేరు పెట్టలా. ఏడో రోజున గదా పెట్టేది, అందాకా ఉందా?"

యాప్‌లో పేరు లేకుండా ముందుకు పోదు. నిఖత్ ఏం చేయాలో తోచక ఆ ఖాళీ గడి వైపు చూస్తూ ఉంటే, రషీదాయే అంది: "నేను పిలుచుకునే పేరొకటుంది. అది చెప్పన్లే."

"ఎందుకత్తా? నేనేగా!"

"ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే పిలుచుకున్నా. నీ ఫోన్లో ఎక్కిత్తే ఎవురెవురో చదువుతారు. వద్దు."

నిఖత్‌కు మొదట కొంచెం కష్టమనిపించింది. ఇంత దూరం వచ్చి, దొరికిన పేరు దొరకకుండా పోయినట్టనిపించింది. కానీ అత్త అరచెయ్యి నేల మీద ఆనించి ఉన్న తీరు చూశాక మళ్లీ అడగలేదు. గడిలో 'రషీదా కూతురు' అని రాసి పైకి చదివింది.

"చాలు," అంది రషీదా. ముగ్గురూ చేతులెత్తి ఫాతిహా చదువుకున్నారు. ఎండ ముదిరాక కూడా ఆమె వెంటనే లేవలేదు.

ఆ రాత్రే నిఖత్ వంశవృక్షాన్ని కుటుంబం గ్రూపులో పెట్టింది. నూర్ మొహమ్మద్‌ను ఎక్కడ కలపాలో తేలక, పక్కన విడిగా ఉంచింది. మాచర్లలో ఉన్న పెదనాన్న కొడుకు నవీద్ వెంటనే రాశాడు: "పేరు కూడా లేని పసిపిల్లల్ని ఎక్కిస్తే దీనికి అంతుంటదా అక్కా? తీసెయ్."

నిఖత్ తీసెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం మాచర్ల నుంచి ఫోన్ వచ్చింది. నవీద్ కాదు, వాళ్లమ్మ హఫ్సా. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఏమే నిఖత్, రషీదా బిడ్డని రాశావంటగా?"

"రాశా పెద్దమ్మా."

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడయింది.

"నాకూ ఒకడున్నాడే, నవీద్ కంటే ముందు. ఆ సంగతి నవీద్‌కి తెలీదు. ఆ పిల్లోణ్ణి గూడా రాయి."

"రాస్తా పెద్దమ్మా. పేరు పెట్టారా?"

"ఎందుకు పెట్టలా? మస్తాన్. చానా తెల్లగా ఉండేవోడు," అంది హఫ్సా. ఇంక ఆపకుండా చెప్పడం మొదలుపెట్టింది. నిఖత్ పొయ్యి కట్టేసి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది.