రెండో గీత

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అంటారు. కుట్టుమిషను ముందు కూర్చుంటే కాలూ ఆగదు, నోరూ ఆగదు. జాకెట్టు ఇంకా అవలేదా అని ఎవరైనా నిలదీస్తే, "పెళ్ళి నీకా, మీ అమ్మకా, ఇంత తొందర?" అని ఎదురు వాయిస్తుంది. అంతటి నోరున్న మనిషి సొంత కూతురితో ఒక్క మాట చెప్పలేక నెలల తరబడి నానా యాతన పడింది. ఆ కూతురు చనిపోయింది కూడాను. చనిపోయినవాళ్ళతో మాటలేమిటని నవ్వకండి. మిషనమ్మ దృష్టిలో కూతురు ఇంట్లోనే ఉంది.

అసలు జరిగింది ఇదీ. మొగుడు పోయి, కడుపుతో పుట్టింటికి చేరిన కూతురికి హెచ్‌ఐవీ ఉందని తెలిసినప్పుడు మిషనమ్మ తిట్టలేదు, గెంటలేదు. వేరే కంచం పెట్టింది, వేరే గ్లాసు పెట్టింది. కూతురు ముట్టుకున్న తలుపు గడియను సబ్బు పెట్టి కడిగేది. ముట్టుకుంటే అంటుకోదని ఆసుపత్రిలో నర్సమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అలాగే అలాగే అని తలూపి, ఇంటికొచ్చి మళ్ళీ గడియ కడిగింది. భయం, పాడు భయం! బిడ్డ పుట్టాక కూతురికి క్షయ కూడా పట్టుకుని ముదిరింది. ఒక మధ్యాహ్నం మంచం మీంచి, "అమ్మా, కాస్త తల దువ్వవే, చిక్కులు పడిపోయింది" అని అడిగింది.

"చేతిలో పనుంది" అంది మిషనమ్మ, మిషను ఆపకుండా. పనీ లేదు, పాడూ లేదు. సూదిలో దారం కూడా లేదు. ఆ వారంలోనే కూతురు ఆసుపత్రి వార్డులో కన్నుమూసింది.

తల్లుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బుల మీద ఆ ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. కడుపుతో ఉన్నప్పుడే కూతురు అందులో చేరింది కాబట్టి, ఆమె పోయాక పాపను పరీక్షలకు తిప్పడం మిషనమ్మ వంతయింది. మొదటిసారి నర్సమ్మ పాప మడమ మీద పొడిచి, చుక్క రక్తం పరీక్ష పట్టీ మీద వేసింది. రెండు గీతలు పడ్డాయి. కూతురికీ అప్పుడు ఇలాగే రెండు పడ్డాయి; మిషనమ్మ పాపను చటుక్కున ఒళ్ళోకి లాక్కుంది.

"కంగారుపడకు పెద్దమ్మా" అంది నర్సమ్మ. "మొదటి గీత పరీక్ష సరిగ్గా జరిగిందని చెప్పడానికి. రెండోది పాపది కాదు, వాళ్ళమ్మది. వైరస్‌తో పోట్లాడ్డానికి వాళ్ళమ్మ ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు కడుపులో ఉండగానే పాపకి వచ్చాయి. వైరస్ కోసం వేరే పరీక్ష చేశాం, అందులో ఇప్పటిదాకా ఏమీ లేదు. వాళ్ళమ్మ యాంటీబాడీలు మెల్లగా కరిగిపోతాయి. ఏడాదిన్నర దాటాక రెండో గీత పడలేదంటే పాప గట్టెక్కినట్టే. ఇవి ఏ నెలలో పోతాయో తెలుసుకోవడానికే ప్రతిసారీ కొంచెం రక్తం ఫ్రిజ్‌లో దాస్తున్నాం."

మిషనమ్మ చెవికెక్కింది ఒక్కటే. "అయితే అది ఇంకా పోలేదన్నమాట."

"ఎవరు పెద్దమ్మా?"

"ఏం లేదులే, నువ్వు కానీ."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఇద్దరు కాదు, ముగ్గురు. పాప పాలు తాగుతూ రెప్పవేయకుండా చూస్తే మిషనమ్మకు ఒళ్ళు జలదరించేది. వేరే కంచం ముందు పెట్టినప్పుడు కూతురు అచ్చం అలాగే చూసేది, ఏమీ అడగకుండా. ఆ చూపు తట్టుకోలేక పాప మొహాన్ని భుజానికి అదుముకునేది. మిషను తొక్కుతుంటే వీపు మీద ఎవరిదో చూపు ఆనేది. తిరిగి చూస్తే మంచం మీద పాప, నిద్రపోకుండా, కిక్కురుమనకుండా కూర్చుని ఉండేది. "అది కాదే తల్లీ, ఆ రోజు..." అని మొదలుపెట్టేది మిషనమ్మ. అంతలోనే మిషను వైపు తిరిగేది. రేపు చెబుదాంలే అనుకునేది. ఊళ్ళో వాళ్ళందరినీ కడిగేసే నోటికి ఆ ఒక్క మాట దగ్గర తాళం పడేది.

అలా రేపు రేపు అంటూ ఏడాదిన్నర దాటింది. చివరి పరీక్షకు పిలుపొచ్చింది. మిషనమ్మ వెళ్ళలేదు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ ఎగ్గొట్టింది. చివరికి నర్సమ్మే ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం పెద్దమ్మా, మొహం చాటేశావు? నీ మనవరాలు గట్టెక్కిందో లేదో తెలుసుకోవాలని లేదూ?"

"ఎందుకుండదు! ఇంకొన్నాళ్ళు ఆగితే కొంపలేమన్నా మునుగుతాయా?"

"ఆగితే ఏమొస్తుంది?"

మిషనమ్మ వెళ్ళి మిషను ముందు కూర్చుంది. పాప బతకాలి. ఆ మాట అనుకున్న ప్రతిసారీ, కూతురు పోవాలి అని తనే అంటున్నట్టు ఉండేది. ఇంత నరకం పగవాళ్ళకైనా వద్దు. కానీ పసిదాన్ని ఎన్నాళ్ళని గాల్లో దీపంలా ఉంచుతుంది? మర్నాడు పొద్దున్నే పాపను చంకనేసుకుని బస్సెక్కింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక, ఇక వాయిదా వేయడానికి రేపు లేదని అర్థమైంది. పాప చెవి దగ్గర నోరు పెట్టింది. "నీ తల దువ్వాల్సింది తల్లీ. పనేం లేదే ఆ రోజు. అబద్ధమాడాను. నిన్ను ముట్టుకోవాలంటే భయమేసిందే, కన్నదాన్నే అయ్యుండీ. తప్పయిపోయింది, నన్ను క్షమించవే" అంది. చక్కిలిగింత పుట్టి పాప కిలకిలా నవ్వింది. మిషనమ్మకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కనున్నామె ఏమైందమ్మా అంటే, "ఏం కాలేదు, బాగానే ఉంది, అంతా బాగానే ఉంది" అంది.

లోపల ఈసారి పట్టీ మీద ఒకటే గీత పడింది. ఎంతసేపు చూసినా ఒకటే. డాక్టరు పాప బుగ్గ గిల్లి, "ఇక మీ మనవరాలికి ఏ భయమూ లేదమ్మా" అని వెళ్ళిపోయాడు. నర్సమ్మ మొహం చేటంత అయింది. మిషనమ్మ రెండు చేతులూ ఎత్తి ఆమెకు దణ్ణం పెట్టింది. సంతోషమే, అబద్ధం కాదు. ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడే పోయిందా?" అని అడిగింది.

"ఎవరు? ఓ, వాళ్ళమ్మ యాంటీబాడీలా! ఇవాళ ఎందుకు పోతాయి పెద్దమ్మా. రోజూ కొంచెం కొంచెం తగ్గుతూ వస్తాయి. చాలామంది పిల్లల్లో ఏడాది నిండేసరికే ఉండవు."

మిషనమ్మ నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. "నేను ఇందాక చెప్పానమ్మా" అంది. "ఇందాక, బెంచీ మీద."

ఏం చెప్పిందో, ఎవరికి చెప్పిందో నర్సమ్మకు తెలియదు. కానీ ఏళ్ళ తరబడి తల్లుల్ని చూసిన మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "కచ్చితంగా తెలియాలంటే దారుంది పెద్దమ్మా. ఫ్రిజ్‌లో ప్రతిసారీ దాచిన పాప రక్తం అంతా ఉంది. పరీక్ష చేస్తే ఏ నెల దాకా ఉందో, ఎప్పుడు పోయిందో చెప్పొచ్చు. చూడమంటావా?"

"వద్దు. పారబోసేయండి."

"అలా కుదరదు. మా పనే అది. రేపో మాపో ఎలాగూ చూస్తాం."

మిషనమ్మ పాపను ఎత్తుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"చూసుకోండి" అంది. "నాకు మాత్రం చెప్పకు."