అత్తగారి బడిలో ప్రాక్టికల్స్

"మేడమ్ వచ్చారు, కాస్త టీ పెట్టమ్మా" అని మా అత్తగారు తరగతి గుమ్మంలోంచి అన్నప్పుడు నేను నేలమీద మోకాళ్లపై కూర్చుని ఉన్నాను. ముందు నీళ్ల టబ్బు, చుట్టూ నలుగురు పిల్లలు. ఆ వచ్చింది మా కాలేజీ మేడమ్. పిల్లలతో నేనెలా పనిచేస్తున్నానో చూసి మార్కులు వేయడానికే వచ్చారు. చూడాల్సిన మనిషికి కుర్చీ వేశారు, చూపించాల్సిన మనిషిని వంటింటికి పొమ్మంటున్నారు.

వంటిల్లు ఎంతో దూరం లేదు. వచ్చిన చిక్కల్లా అదే. ముందు గదుల్లో అత్తగారి చిన్నపిల్లల బడి, వెనక గదుల్లో మా కాపురం, మధ్యలో ఒక్కటే తలుపు. పొద్దున గిన్నెలు తోమిన చేతులు తుడుచుకుంటూ అది దాటితే టీచర్ని, మధ్యాహ్నం మళ్లీ దాటితే కోడల్ని. మధ్యలో పిలుపొస్తే ఏ క్షణంలో ఎవర్నో నాకే తెలియదు. "ఇంట్లోంచి కాలు బయటపెట్టకుండా ఉద్యోగం, ఎంతమందికి దొరుకుతుంది?" అంటారు మా ఆయన. జీతం మాటెత్తితే, "మనకి మనమే జీతం ఇచ్చుకుంటామా?" అని నవ్వుతారు. ఆ 'మనం'లో నేను పని దగ్గర మాత్రమే ఉంటాను.

ఈ టీచరు శిక్షణ కోర్సులో చేర్పించిందీ అత్తగారే. శిక్షణ పొందిన టీచరు ఒక్కరైనా ఉండాలని తనిఖీవాళ్లు అన్నారట. బయటివాళ్లయితే జీతం అడుగుతారు, కోడలైతే ఇంటి మనిషి. గంగిరెద్దులా తలూపి చేరాను. కానీ కాలేజీలో మేడమ్ ఒకరోజు, పిల్లలు తమంతట తాము చేయగలిగింది మనం చేసిపెట్టకూడదని, పక్కనే ఉండి ఆగాలని చెప్పారు. ఆగడం కూడా పనేనని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఆగితే బద్ధకం అంటారు. ఆ మాటతోనే నాకు ఈ పనిమీద మనసు పడింది. ప్రాక్టికల్స్ వేరే బడిలో చేస్తానని అడిగాను. "ఇంట్లో బడి పెట్టుకుని ఊళ్లోవాళ్ల బడికి ఊడిగం చేస్తావా?" అన్నారు అత్తగారు. కాలేజీవాళ్లతో మాట్లాడి ఇక్కడే వేయించారు.

ఆవేళ టబ్బు దగ్గర, గుండ్రమ్మ అని మేం ముద్దుగా పిలిచే పిల్ల, జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు వంచుతోంది. చేరిన దగ్గర్నుంచీ ఒలకబోస్తూనే ఉంది. చేయి పట్టుకోబోతే "నేనే" అంటుంది. ఇప్పుడు నాలుక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, సన్నని ధారను సరిగ్గా గ్లాసులోకి దించుతోంది. అప్పుడే ఆ టీ పిలుపు. ఒక్క నిమిషం అత్తయ్యా అన్నాను. మేడమ్‌ని ఎంతసేపు కూర్చోబెడతామమ్మా అన్నారావిడ, నవ్వుతూనే. ఆవిడ ఏదన్నా నవ్వుతూనే అంటారు. అందుకే ఎవరికీ చెప్పుకోలేను. లేచాను.

టీతో తిరిగొచ్చేసరికి టబ్బు లేదు. అత్తగారు చెప్పారని ఆయా ఎత్తేసి నేల తుడిచేసింది. పిల్లలు చేతులు కట్టుకుని గోడవార కూర్చున్నారు. గుండ్రమ్మ వెక్కుతోంది. గ్లాసు నిండడం నేను చూడనేలేదు.

ఎవరో పిల్ల తండ్రి వస్తే అత్తగారు బయటికెళ్లారు. మేడమ్ టీ తాగుతూ, తానేమీ చూడలేకపోయినా పర్లేదని, అత్తగారు నా గురించి గొప్పగా చెప్పారని, పాస్ చేసేస్తానని అన్నారు. "నీకు ఉద్యోగం వెతుక్కునే బాధ కూడా లేదు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ నేను పాసైతే ఈ బడికి టీచరు దొరికినట్టే. జుట్టు నెరిసేదాకా ఈ గుమ్మంలోంచి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.

"ఫెయిలైతే ఏమవుతుంది మేడమ్?"

ఆవిడ కప్పు కింద పెట్టారు. "మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి. అదీ ఇక్కడ కాదు, మేం పంపిన బడిలోనే. ఎందుకలా అడుగుతున్నావు?"

మా ఆయన ముఖం, చుట్టాల నవ్వులు ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి.

"మీరేమీ చూడలేదు కదా. చూసినట్టు రాయకండి. నన్ను ఫెయిల్ చేయండి."

ఆవిడ నా వైపు, నా చేతిలోని ఖాళీ ట్రే వైపు చూశారు. సంచిలోంచి మార్కుల కాగితం తీశారు.

ఫెయిలయ్యానని, వేరే బడిలో మళ్లీ చెయ్యాలని కబురు వచ్చిన సాయంత్రం మా ఆయన, పిల్లలతో నీళ్లాడించడంలో కూడా తప్పేవాళ్లుంటారా అన్నారు. నేను తలవంచుకుని వడ్డిస్తున్నాను. అత్తగారు మొదటిసారి నవ్వకుండా మాట్లాడారు.

"ఎక్కడ వేశారట? ఎంత దూరం?"

"రెండు బస్సులు మారాలి అత్తయ్యా" అన్నాను, గొంతులో సంతోషం పలకకుండా.