అయిదు మార్కుల లోపు

నా మేనకోడలి చిటికెన వేళ్ళు రెండూ వెనక్కి నిలువుగా వంగాయి. నేను వేలికొక మార్కు చొప్పున రెండు మార్కులు వేసి, "నీకేం లేదు, పో" అని పంపేశాను. ఆ పిల్ల ప్రాణం మీదికి వచ్చింది ఆ రెండు మార్కుల వల్లే. ఈ మాట ఇంకెవరైనా అంటే వాళ్ళ మీద ఇంతెత్తున లేచేదాన్ని. నా నోటితో నేనే చెబుతున్నాను కాబట్టి ఊరుకోక తప్పదు.

నాది నోటి దురుసని విశ్వవిద్యాలయంలో అందరికీ తెలుసు. ఫిజియోథెరపీ విభాగంలో ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. వరుసలో నిలబడనివాళ్ళను, ఒక మాట రెండుసార్లు చెప్పించుకునేవాళ్ళను భరించలేను. అందుకేనేమో ఆ సర్వే పని నా నెత్తిన పెట్టారు. మన విద్యార్థుల్లో ఎంతమందికి కీళ్ళు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా వంగుతాయి, వాళ్ళలో ఎంతమంది దానివల్ల అవస్థ పడుతున్నారు అన్నది లెక్క తేల్చాలి.

కొలత తేలికే. బొటనవేలు మడిస్తే ముంజేతికి ఆనుతుందా, చిటికెన వేలు వెనక్కి తొంభై డిగ్రీలు దాటుతుందా, మోచేతులు, మోకాళ్ళు నిటారు దాటి ఇంకా వెనక్కి పోతాయా చూడాలి. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. మోకాళ్ళు వంచకుండా రెండు అరచేతులూ నేలకు ఆనిస్తే ఇంకొకటి. మొత్తం తొమ్మిది మార్కులు, ఇవి తెల్ల కాగితం మీద వేయాలి. ఆ తర్వాత పద్నాలుగు ప్రశ్నలున్న పసుపు కాగితం. కీళ్ళు జారుతుంటాయా, దెబ్బ తగలకుండానే ఒళ్ళు కమిలిపోతుందా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళున్నారా, ఇలాంటివి. పక్కనున్న ఆసుపత్రిలో పుట్టుకతో వచ్చే జబ్బులు చూసే డాక్టరమ్మ ఈ ప్రశ్నలు రాసిచ్చింది. పసుపు కాగితం అందరి చేతా నింపించాలని చెప్పి మరీ ఇచ్చింది.

మొదటిరోజు వరుస వ్యాయామశాల పక్క గదిలోంచి మెట్ల దాకా పాకింది. మధ్యాహ్నానికి ముప్ఫై మంది కూడా పూర్తికాలేదు. ఒక్కొక్కరు పసుపు కాగితం ముందు పెట్టుకుని పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తుంటే నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "అయిదు మార్కులు, ఆ పైన వచ్చినవాళ్ళే పసుపు కాగితం రాయండి. మిగతావాళ్ళు దయచేయండి" అని కేకేశాను.

పక్క బల్ల దగ్గరున్న తోటి లెక్చరరు నా చెవిలో, "డాక్టరమ్మ అందరికీ అంది కదండీ" అన్నాడు.

"అందరూ రాస్తే ఇది మన రిటైర్మెంటుకి కూడా తెమలదు. కీళ్ళే వంగనివాడికి కీళ్ళ ప్రశ్నలెందుకు?" అన్నాను.

అతను నవ్వి తన బల్ల వైపు తిరిగాడు. సాయంత్రానికి తొంభై మంది అయ్యారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదట్లో ఆ గది సంతలా ఉండేది. పిల్లలు తమ విద్యలు చూపించుకునేవారు. ఒకడు మోచేతిని తిరగేసి అందరినీ హడలగొట్టాడు. ఒకమ్మాయికి తొమ్మిదికి తొమ్మిది వచ్చాయి. ఆమె స్నేహితులు ఆమెను రబ్బరు అని పిలుస్తారట. నేలమీద చేతులు ఆనించమంటే మోచేతులే ఆనించింది. గదంతా చప్పట్లు. తర్వాత ఆ రబ్బరు పిల్ల పసుపు కాగితం తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. భుజం పదకొండుసార్లు జారిందట. రెండుసార్లు తనే గోడకు నొక్కి సరిచేసుకుందట. ఆటల మాస్టారు బద్ధకం అన్నాడట, ఇంట్లోవాళ్ళు నటన అన్నారట. "నిజంగానే నటిస్తున్నానేమో అని నాకే అనుమానం వస్తుంది" అని కాగితం చివర రాసింది.

చదవగానే లేచాను. ఆమెను వెనక్కి పిలిపించి, భుజానికి పట్టీ కట్టి, ఆటల మాస్టారికి ఫోన్ చేసి నాలుగు దులిపాను. ఆ తర్వాత వచ్చే ప్రతి పసుపు కాగితాన్నీ శ్రద్ధగా చదివాను. రోజులు గడిచేకొద్దీ ఆ దొంతర పెరిగింది. వందమందిలో పాతిక మందికి కీళ్ళు వదులే. వాళ్ళలో చాలామంది హాయిగానే ఉన్నారు. కొందరు మాత్రం పదేళ్ళ వయసు నుంచి నొప్పిని మోస్తూ, అందరికీ ఇలాగే ఉంటుందనుకుంటున్నారు. గదిలో సందడిగా నవ్వే పిల్లలు కాగితం మీద ఇలాంటివి రాసి వెళ్తుంటే నాకు భయం వేసేది. ఏదో నా కళ్ళెదుటే ఉంది, నాకు కనబడటం లేదు అనిపించేది. కనబడనిది పసుపు కాగితాల్లో ఉందనుకుని వాటినే మళ్ళీ మళ్ళీ తిరగేశాను.

రెండో వారంలో పిచ్చుక వచ్చింది. నా తమ్ముడి కూతురు. పంతొమ్మిదేళ్ళు, ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పిట్టంత తింటుందని వాళ్ళ నాన్న పెట్టిన పేరది. పెద్ద పెద్ద కళ్ళు, సన్నటి ముక్కు, లోపలి నీలం నరాలు కనబడేంత పలచటి చర్మం, అన్నీ వాడి పోలికే. వాడు ముప్ఫైమూడో ఏట పోయాడు, అప్పటికి దీనికి ఆరేళ్ళు. గుండె ఆగిందన్నారు. మేమూ అదే నమ్మి, అదే చెప్పుకుంటూ వచ్చాం.

"అత్తా, నాకు తొమ్మిది వేస్తావా?" అంది చేతులు చాపి.

"మొహం చూసి వెయ్యను. వంచు" అన్నాను.

బొటనవేలు ఆనలేదు. మోచేతులు, మోకాళ్ళు మామూలే. నేల అందుకోవడానికి ఆపసోపాలు పడింది. చిటికెన వేళ్ళు మాత్రం రెండూ వెనక్కి లేచి నిలబడ్డాయి. మోకాలి కింద అరచేయంత కమిలిన మచ్చ కనబడింది.

"ఇదేమిటే?"

"బెంచీ తగిలిందేమో. నాకెప్పుడూ ఏదో ఒకటి ఉంటుందిగా."

"చూసుకుని నడిస్తే ఉండదు. రెండు మార్కులు. నీకేం లేదు, పో. వెనకాల జనం ఉన్నారు" అన్నాను. అది మూతి ముడిచి, నాకు నాలుక చూపించి వెళ్ళిపోయింది. నేను తర్వాతివాడిని పిలిచాను.

మూడో వారం చివర్లో ఒక సాయంత్రం ఫోన్ చేసింది. ఎడమవైపు పక్కటెముకల కింద నొప్పి, వెనక నడుములోకి లాగుతోంది అంది. గంటల తరబడి ఒంగి కూర్చుని చదువుతావు, కండరాలు పట్టేసి ఉంటాయి అన్నాను. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు గుండెకు హత్తుకోమని, తర్వాత నడుమును అటూ ఇటూ తిప్పమని చెప్పాను. పూటకు పదిసార్లు. అది "సరేనత్తా" అంది.

మర్నాడు ఉదయం పదింటికి డాక్టరమ్మ వచ్చింది. నేను కాగితాలన్నీ బల్లమీద సర్ది ఉంచాను. ఆమె తెల్ల దొంతర చూసింది, పసుపు దొంతర చూసింది.

"పిల్లలెంతమంది?"

"నాలుగువందల పన్నెండు."

"మరి పసుపువి ఇన్నే ఉన్నాయేం?"

"నూట ఆరు. అయిదు, ఆ పైన వచ్చినవాళ్ళవి. టైం చాలక అలా చేశాను" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి ఒక మాట అనగలిగేదాన్ని. కుర్చీ లాక్కుని కూర్చుని మెల్లగా చెప్పింది. "కీళ్ళు బాగా వంగేవాళ్ళలో ఎక్కువమందికి ప్రాణభయం లేదండీ. నొప్పులుంటాయి, జాగ్రత్తలు చెబుతాం. ఒక రకం ఉంది, చాలా అరుదు. అందులో రక్తనాళాల గోడలే పలచన. అవి ఉబ్బుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. వాళ్ళకి పెద్ద కీళ్ళన్నీ మామూలుగానే ఉండొచ్చు. వేళ్ళొక్కటే వంగుతాయి. మీ లెక్కలో రెండో మూడో మార్కులొస్తాయి, అంతే. వాళ్ళని పట్టుకోవడానికే నేను పసుపు కాగితం రాశాను."

"వాళ్ళెలా ఉంటారు?" అన్నాను.

"చర్మం కింద నరాలు కనబడతాయి. తాకితే కమిలిపోతారు. కళ్ళు పెద్దవిగా, ముక్కు సన్నగా ఉంటుంది, అందరికీ కాదనుకోండి. ఇంట్లో ఎవరో ఒకరు చిన్న వయసులోనే పోయి ఉంటారు. గుండె ఆగిందని చెప్పుకుంటూ ఉంటారు."

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. పిచ్చుక రాయని పసుపు కాగితం నేనే రాయగలను. ప్రతి ప్రశ్నకూ జవాబు నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఎత్తుకుని తిరిగినదాన్ని, ఆ మచ్చలన్నీ చూసినదాన్ని. దాని గురించి, నిన్నటి నడుము నొప్పి గురించి చెప్పగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

"అమ్మాయిని ఎక్కడుందో అక్కడే కూర్చోమనండి. వంగకూడదు, బరువు ఎత్తకూడదు. నేను స్కానింగు వాళ్ళకి ఫోన్ చేస్తాను."

పిచ్చుక ఫోన్ ఎత్తలేదు. మూడుసార్లు చేశాను. హాస్టల్ ఆవరణకు అవతలి చివర ఉంది. నలభై ఎనిమిదేళ్ళ దాన్ని, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. నన్ను చూసి పిల్లలు దారి ఇచ్చారు, ఎవరిమీదో విరుచుకుపడటానికి వెళ్తున్నాననుకుని ఉంటారు. గది తలుపు తోసేసరికి అది నేలమీద దుప్పటి పరుచుకుని, మోకాళ్ళు గుండెకు హత్తుకుని ఉంది.

"ఏడోది అత్తా, ఇంకా మూడున్నాయి" అంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"వద్దు. కాళ్ళు దించు. మెల్లగా. మెల్లగా దించవే తల్లీ" అన్నాను. దాన్ని తల్లీ అని పిలవడం నాకు అలవాటు లేదు. అది బెదిరిపోయి నా మొహంలోకి చూసింది.

ఆసుపత్రి వరండాలో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, నేను పక్కన నిలబడ్డాను. స్కానింగు గదిలో ఇంకెవరో ఉన్నారు. డాక్టరమ్మ పసుపు కాగితం ఒకటి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. నేను ఒక్కో ప్రశ్నా అడిగాను, అది చెబుతుంటే రాశాను. పన్నెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అది నా చేతిలోని కాగితం లాక్కుని చదువుకుంది. ఇంట్లో నలభై ఏళ్ళ లోపు హఠాత్తుగా పోయినవాళ్ళున్నారా.

"నాన్నకి గుండె కదా అత్తా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. నా వల్ల కాలేదు.

"మీ నాన్న పోవడానికి రెండు రోజుల ముందు నాకు ఫోన్ చేశాడు. కడుపులో నొప్పి, నడుములోకి లాగుతోందక్కా అన్నాడు. కండరాల నొప్పిరా అన్నాను. నిన్న నీకు చెప్పినవే వాడికీ చెప్పాను. మీ అమ్మతో ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళలేకపోయానని ఆవిడ తనని తనే తిట్టుకుంటుంటే, పక్కనే కూర్చుని వింటూ ఉండిపోయాను."

అది ఏడవలేదు. నన్ను అసహ్యించుకుంటుందనుకున్నాను, అలాగైనా నాకు బాగుండేది. కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని, "అమ్మ ఇప్పటికీ ఆ రెండు రోజుల గురించే మాట్లాడుతుంది" అంది.

అప్పుడే దాన్ని లోపలికి తీసుకెళ్ళారు. పావుగంట పట్టింది. తలుపు తెరుచుకుని టెక్నీషియన్ బయటికి వచ్చాడు. ఇందాక నాతో విసుగ్గా మాట్లాడిన మనిషే. ఇప్పుడు అండీ, అమ్మా అంటున్నాడు.

"పాప వెంట వచ్చింది మీరేనా అమ్మా? రక్తనాళం ఉబ్బింది, ఇంకా చిరగలేదు. సర్జన్ గారు కిందికి దిగుతున్నారు. స్ట్రెచర్ వస్తోంది. మీరు లోపలికెళ్ళి పాప కదలకుండా చూడండి. దగ్గనివ్వకండి, లేవనివ్వకండి."

లోపల అది వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. నన్ను చూసి నవ్వబోయింది. "కండరాలేనా అత్తా?"

"కాదే. మీ నాన్నకొచ్చిందే. రక్తనాళం ఉబ్బింది. ఇంకా చిరగలేదు, చిరగకముందే చూశారు. ఇక వాళ్ళు చూసుకుంటారు. నేనే ముందు చూళ్ళేదు."

అది చెయ్యి నా వైపు జరిపింది. పట్టుకున్నాను. చిటికెన వేలు నా అరచేతిలో ఎటు వంచితే అటు వంగేట్టు మెత్తగా ఉంది. గట్టిగా పట్టుకోవాలన్నా భయం వేసింది.

"అమ్మకి ఫోన్ చెయ్యి. నన్ను లోపలికి తీసుకెళ్ళకముందే చెయ్యి. నా సంగతొక్కటే కాదు, నాన్నది కూడా చెప్పు. నాకేమైనా అయితే మళ్ళీ తనే చేసిందనుకుంటుంది" అంది పిచ్చుక.

ఒక చేత్తో దాని చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీశాను. రెండుసార్లు మోగింది. "చెప్పండి వదినా" అంది మా మరదలు, ఎప్పటిలాగే గౌరవంగా. అవతల ఏవో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. పిచ్చుక కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది. స్ట్రెచర్ చక్రాల చప్పుడు వరండాలోకి వచ్చింది. నేను పదమూడేళ్ళ కిందటి ఫోన్ దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.