గాలిమోటరుకు పచ్చజెండా

ఇమ్మానుయేలు రైలు గార్డు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన రోజున కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. రైల్వే కొలువంటే పిల్లనిచ్చేవాళ్లు ఇంటి ముందు బారులు తీరే కాలమది. ఆ కొలువు వదిలి ఆయన చేరింది విమానాల కంపెనీలో. కంపెనీకి ఉన్నది మాత్రం ఒకటే విమానం.

ఆ ఓరుగల్లు ఎయిర్‌వేస్‌కు యజమాని పత్తిమిల్లు రాజేశ్వర్ రావు. 1984లో అలాంటి కంపెనీకి ఢిల్లీ వాళ్లు అనుమతి ఎలా ఇచ్చారో దేవుడికి తెలియాలి, తర్వాత రాజేశ్వర్ రావుకు తెలియాలి. ఆయన ఇమ్మానుయేలు మెడకు టై కట్టించి, మామునూరు విమానాశ్రయంలో స్టేషన్ మేనేజర్‌గా కుర్చీ వేయించాడు. టై చూసి ఇమ్మానుయేలు పొంగిపోయాడు. ఆయన భార్య విమల మాత్రం "రైల్వేల ఉంటే రైలు పాసన్న వస్తుండె" అని వారం రోజులు ముఖం ముడుచుకుంది.

విమానం ఓరుగల్లు ఎయిర్‌వేస్‌దే అయినా, దాని మీది రంగూ పేరూ, అమ్మే టికెట్లూ బొంబాయిలోని ఓ పెద్ద కంపెనీవి. చిన్న కంపెనీ విమానం నడపాలి, పెద్ద కంపెనీ ట్రిప్పుకు ఇంత అని ఇవ్వాలి. ఒక్క ప్రయాణికుడు ఎక్కినా ట్రిప్పు నడిచినట్టే. ఒక్కరూ ఎక్కకపోతే పైసా రాదు. అంత పెద్ద వరంగల్లులో రోజుకు ఒక్క మనిషి దొరకడా అని రాజేశ్వర్ రావు సంతకం పెట్టేసి ఊరంతా మిఠాయిలు పంచాడు.

దొరకలేదు. హైదరాబాదు పోవడానికి రైళ్లు బోలెడు. విమానం చూడడానికి మామునూరుకు జనం సద్దులు కట్టుకుని మరీ వచ్చేవారు. చూసి, తిని, ఇంటికి పోయేవారు.

ఇమ్మానుయేలు అవేమీ పట్టించుకోలేదు. విమానం కదిలే ముందు పక్కన నిటారుగా నిలబడి, జేబులోంచి తన పాత పచ్చజెండా తీసి ఊపేవాడు. పైలట్ ఏనాడూ అటు చూడలేదు. అయినా జెండా లేకుండా బండి కదలడమంటే ఆయనకు మనసొప్పలేదు.

ఓ రోజు రాజేశ్వర్ రావు పిలిపించాడు. "పాసింజర్ లేకుంటే కంపెనీ ఉండది, నీ కొలువుండది. మీ ఇంట్ల ఖాళీగ ఎవరున్నరు?"

ఖాళీగా ఉన్నది అత్తగారు రత్నమ్మ. సంగతి చెప్పగానే ఆమె లెంపలేసుకుంది.

"ప్రభువు పిలిచిననాడు పైకి ఎట్లనో పోత. ఇప్పట్నుంచే ఎందుకు బిడ్డా?"

"నువ్వు ఎక్కకుంటే నా కొలువు పోతది అత్తమ్మా. రైల్వేవోళ్లు మళ్ల తీసుకోరు. క్వార్టర్ కూడ ఇచ్చేసిన."

కూతురి సంసారం కోసం రత్నమ్మ విమానమెక్కింది. టికెట్టు రాజేశ్వర్ రావే కొనేవాడు, ట్రిప్పుకు వచ్చేదాని ముందు అదేపాటి! రోజూ పొద్దున పోవడం, బేగంపేటలో బెంచీ మీద కూర్చుని సద్ది తినడం, సాయంత్రం తిరిగి రావడం. విమానం పైకి లేస్తుంటే గొంతెత్తి కీర్తన పాడేది. వద్దని చెప్పడానికి లోపల ఇంకెవరూ ఉండేవారు కాదు. ఆ రకంగా ఓ కంపెనీ, ఓ పత్తిమిల్లు దొర పరువు, ఓ అల్లుడి ఉద్యోగం ఆ ముసలమ్మ చీర కొంగు పట్టుకుని వేలాడాయి.

అలా కొన్ని నెలలు గడిచాక పెద్ద కంపెనీ నుంచి మల్లికార్జున్ అనే ఆఫీసరు వచ్చి పొద్దుటి విమానమెక్కాడు. ఇద్దరు ప్రయాణికులు! ఇమ్మానుయేలు ఆయన మెళ్లో బంతిపూల దండ వేసి, ఆ రోజు జెండా మరి కాస్త గట్టిగా ఊపాడు.

సాయంత్రం విమానం రాలేదు. చీకటి పడే వేళకు ఫోన్ మోగింది. రాజేశ్వర్ రావు.

"కాంట్రాక్ట్ రద్దు చేసిండ్రు. కంపెనీ దివాలా. తాళమేసి ఇంటికి పో."

"మా అత్తమ్మ?"

"రైలెక్కించిండ్రట."

ఆ దివాలా రాజేశ్వర్ రావు మిల్లుకు గానీ, కారుకు గానీ తగల్లేదు. దివాలా తీసింది కంపెనీయే తప్ప ఆయన కాదని పట్నం వకీళ్లు తేల్చారు. కంపెనీలో ఇమ్మానుయేలు ఒక్కడే ఉన్నట్టు, మొత్తం ఆయనకే తగిలింది.

ఆ రాత్రి కాజీపేట స్టేషన్‌లో ఆయన జీవితంలో మొదటిసారి ప్లాట్‌ఫారం టికెట్ కొన్నాడు. గేటు దగ్గరున్న సాంబయ్య, పాత స్నేహితుడు, "టికెట్ ఎందుకే అన్నా, నువ్వు మనోడివే గద?" అన్నాడు. ఇమ్మానుయేలు టికెట్టు ఆయన చేతిలోనే పెట్టి లోపలికి నడిచాడు.

రైలు దిగిన రత్నమ్మ ముఖం వెలిగిపోతోంది.

"ఆ పెద్దసారు మస్తు మంచోడు బిడ్డా. నా పక్కనే కూసున్నడు. రోజు ఎందుకు పోతున్నవమ్మా అని అడిగిండు. అబద్ధమాడితే పాపం గద? నేనెక్కకుంటే గాలిమోటరు లేవదు, మా అల్లుని కొలువు నిలవదని అన్నీ చెప్పిన. నీకు పెద్ద నౌకరి ఇస్తడు సూడు."

సంగతి విని ఆమెను నాలుగు మాటలు అనాలనిపించింది ఇమ్మానుయేలుకు. కానీ తన కొలువు కోసం ప్రాణాలు అరచేత పట్టుకుని రోజూ ఆకాశంలోకి పోయిన మనిషి ఈమె ఒక్కతే.

రైలు కూత వేసింది. తెలియకుండానే ఆయన చెయ్యి జేబులోకి పోయి పచ్చజెండా తీసి ఊపింది. కదిలిపోతున్న చివరి పెట్టెలోంచి గార్డు ఇటు చూశాడు. చూసి, తన పచ్చ లాంతరు ఎత్తి బదులు ఊపాడు. ఇమ్మానుయేలు కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

రత్నమ్మ అదేమీ చూడలేదు. సద్దిగిన్నె చేతిలో పెడుతూ అడిగింది. "రేపు ఎన్నింటికి లేవాలె బిడ్డా?"

"రేపు పండుకో అత్తమ్మా," అన్నాడు ఇమ్మానుయేలు.