తిలాపియాల మధ్య దొంగ

వల సగం లాగేసరికి అది కనబడింది. నల్లటి వీపు, పాములాంటి తల. కొర్రమీను!

మరిది వల లాగడం ఆపేశాడు. తిలాపియా చేపల చెరువులో కొర్రమీనంటే కోళ్ల గూట్లో పిల్లి దూరినట్టే. గట్టు మీద చేపలు కొనే షావుకారు కాటాతో సిద్ధంగా ఉన్నాడు. పోయిన పంటలో అన్నీ వేలెడంత చేపలే రావడంతో వట్టి వ్యానుతో వెళ్లిపోయిన మనిషి. ఈసారీ అలాగే వెళితే, వదినా తనూ కలిసి కౌలుకు తీసుకున్న ఈ చెరువును వదిలేసి, అతను మళ్లీ లారీ డ్రైవరు పనికి పోవాలి.

"వదినా! ఎవడో మన చెరువులో కొర్రమీను వదిలాడు!"

అవతలి కొస పట్టుకున్న వదిన తల తిప్పలేదు. "ఎవడో కాదు, నేనే. ముందు వల వదలకు."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! ఎన్ని వేశావు?"

"నలభై."

"నలభయ్యా! ఇంకేం మిగిలింది, నీళ్లా?"

"అరవకయ్యా, ఆయన వింటాడు. పోయినసారి మన మేతంతా ఎవరు తిన్నారు? తిలాపియాలకు నెలనెలా పుట్టుకొచ్చిన పిల్లలు. ఇంటినిండా చుట్టాలుంటే ఇంటివాళ్లకు మెతుకేది? అందుకే తిలాపియాలు అరచేతంత అయ్యాక చిన్న చిన్న కొర్రమీనులు తెచ్చి వేశాను. పిల్లల్ని మింగుతాయి. పెద్ద చేపల్ని మింగడానికి వాటి నోరు చాలదు."

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"చెబితే వేయనిచ్చేవాడివా?"

మరిది మళ్లీ వల బిగించి పట్టాడు. ఇద్దరూ కలిసి గట్టుకు లాగారు. నీళ్లు ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి. షావుకారు వంగి ఒక తిలాపియాను పట్టుకున్నాడు. ఒక చెయ్యి చాలక రెండోదీ వేశాడు. పిల్లచేపల కోసం వల మూలమూలా తడిమాడు. దొరికినవి గుప్పెడు.

"వ్యాను గట్టు దాకా రానీ!" అని డ్రైవరుకు కేకేసి, కొర్రమీనుల వైపు చూశాడు. "ఇవి కూడా నాకే. వీటికి రేటు ఎక్కువిస్తాను."

మరిది ముఖం వెలిగిపోయింది. "వచ్చే పంటకు వంద వేద్దాం వదినా!"

"వందకు పిల్లలెక్కడ సరిపోతాయి? అప్పుడు వాటికీ మేత మనమే కొనాలి."

"పోనీ, యాభై?"

"నలభై ఐదు. ఇంక మాట్లాడకుండా బుట్ట అందుకో."