టీ ట్రేతో పోయిన ప్రశ్నలు

మా అమ్మాయి మేధావులతో మాట్లాడుతుంది. ఎక్కడికో వెళ్ళి కాదు, మా ఇంట్లోనే, ఒకప్పుడు పాత పెట్టెలు పడేసుకున్న చిన్న గదిలో. శబ్దం తిరిగి మోగకుండా గోడలకు బొంతలు వేలాడదీసింది. ప్రభుత్వాలు ఎందుకు పడిపోతాయి, ధరలు ఎందుకు పడిపోవు, పక్కింటివాళ్ళతో మనం మాట్లాడటం ఎందుకు మానేశాం, అన్నీ ఆ బొంతల మధ్యే తేలతాయి. ఇంటర్నెట్‌లో పెడితే కొన్నివేల మంది వింటారు.

ఇందులో ముగ్గురికీ తలో ఉద్యోగం ఉంది. అమ్మాయి అడుగుతుంది. మా ఆయన వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఎవరూ బెల్లు కొట్టకుండా కాపలా కాస్తారు. రికార్డయిందంతా విని, పొల్లుపోకుండా టైపు చేసేది నేను. అలా నలభై ఒక్కమందిని టైపు చేశాను. వాళ్ళలో ఒక్కరు కూడా, ఏ ప్రశ్నకూ, 'తెలియదు' అనలేదు. 'అది చాలా సంక్లిష్టమైన విషయం' అని మాత్రం నూట పన్నెండుసార్లు అన్నారు. డిగ్రీలో అర్థశాస్త్రం చదివాను కదా, ఆమాత్రం గణాంకాలు సేకరించకుండా ఉండలేకపోయాను.

ఈ సంభాషణల్ని పుస్తకంగా వేస్తానన్న ప్రచురణకర్త ఒకావిడ కిందటి నెల ఫోన్ చేసింది.

"ఏమీ అనుకోకమ్మా. ఇవి సంభాషణలు కావు, సన్మానపత్రాలు. ఆయనేదో చెప్తాడు, నువ్వు 'నిజం సార్' అంటావు. ఇంకొక్కటి చూస్తాను. అదీ ఇలాగే ఉంటే పుస్తకం సంగతి మర్చిపోదాం."

ఆ పూట మా అమ్మాయి అన్నం ముట్టలేదు. మూడేళ్ళ కష్టం మరి.

విచిత్రం ఏమిటంటే, ఇంట్లో దాని ముద్దుపేరు 'ఎందుకమ్మ'. మాటలొచ్చిన దగ్గర్నుంచీ అది 'ఎందుకు' అని అడగని వస్తువు ఇంట్లో లేదు. ఇవాళ ఈ కూరే ఎందుకు వండానో దానికి ఇచ్చుకున్నంత సంజాయిషీ ఏ మంత్రీ ఏ సభలోనూ ఇచ్చి ఉండడు. అలాంటిది బొంతల గదిలో అడుగుపెడితే పిల్లిపిల్ల అయిపోతుంది. కారణం నాకు తెలుసు. కాగితాలు. ఇరవై రెండు ప్రశ్నలు ముత్యాల్లా రాసుకుంటుంది. అవతలి మనిషి జవాబు చెబుతున్నంతసేపూ దాని కళ్ళు తర్వాతి ప్రశ్న మీద ఉంటాయి. ఇక చెవులెక్కడివి?

నలభై రెండో అతిథి పేరుమోసిన ఆర్థికవేత్త. ఆయన పుస్తకంలో అందరూ చెప్పుకునే వాక్యం ఒకటుంది: 'యంత్రం ఖాళీ చేసిన చేతిని కొత్త పని వెతుక్కుంటూ వస్తుంది.' నేనది పైకి చదివితే మా ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "వచ్చే ఉంటుందిలే. మన చిరునామా దొరికుండదు" అన్నారు.

ఆయన కంపోజిటరు. ఇరవై ఏళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చారు. కంప్యూటర్లొచ్చి ప్రెస్సు మూతపడేనాటికి అమ్మాయి నాలుగో తరగతి. ఆ తర్వాత లిఫ్టు నడిపారు, గోదాముకు కాపలా కాశారు. మధ్యలో కొన్నాళ్ళు ఏమీ చేయలేదు. ఆ కొన్నాళ్ళ గురించి మా ఇంట్లో మాట్లాడుకోం.

ఆర్థికవేత్త చెప్పిన వేళకే వచ్చారు. మా ఆయనే తలుపు తీశారు. నేను గది బయట నిలబడి విన్నాను. మొదటి పావుగంటలో అయిదు 'నిజం సార్'లు. ఆరోది వినగానే వెళ్ళి టీ పెట్టాను.

రికార్డింగ్ జరుగుతుండగా గదిలోకి టీ తేకూడదని మా అమ్మాయి శాసనం. చెంచా చప్పుడవుతుందట. పుస్తకమే మునిగిపోతుంటే చెంచా చప్పుడొక లెక్కా? తలుపు తోసుకుని వెళ్ళి ట్రే బల్ల మీద పెట్టాను. అంటే కాగితాల మీదే. ఇంకెక్కడా చోటు లేదు.

"బతికించారమ్మా, గొంతు పిడచకట్టుకుపోయింది" అన్నారు పెద్దాయన.

కప్పులు చెరొకటి అందించి, ట్రే ఎత్తుకుని వచ్చేశాను. కాగితాలు తడికి ట్రే అడుగున అంటుకుని వచ్చాయని తర్వాత అందరికీ చెప్పాను. పిన్నుతో సహా మూడు కాగితాల్ని ఎత్తుకొచ్చే ట్రే ఏ కొట్లో దొరుకుతుందో ఎవరూ అడగలేదు.

తలుపు కాస్త ఓరగా వదిలాను. మా అమ్మాయి బల్ల వైపు చూసింది, బల్ల కింద చూసింది, నన్ను చూసింది. ఆ చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేది. తర్వాత, మొదటిసారిగా, ఎదుటి మనిషి ముఖంలోకి చూసింది.

"సార్, కొత్త పని వెతుక్కుంటూ వస్తుందన్నారు. ఎన్నాళ్ళకొస్తుంది?"

"పరివర్తన కాలం అంటూ ఒకటి ఉంటుందమ్మా..."

"అదే, ఎన్నాళ్ళు? మా నాన్న ప్రెస్సు పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఆ పనికి మా ఇంటి చిరునామా ఎవరైనా ఇచ్చారా?"

"చూడు తల్లీ, మొత్తంగా సమాజాన్ని తీసుకుంటే..."

"సమాజం కాదు సార్. మా నాన్న. ఎందుకు రాలేదు?"

అదీ! మా ఎందుకమ్మ! తలుపు పక్కన నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పెద్దాయన కప్పు కింద పెట్టారు. "నాకు తెలియదు" అన్నారు. "గ్రాఫులో పదేళ్ళంటే వేలెడు గీత. ఆ గీత మీద ఉన్న మనిషిని నేనెప్పుడూ అడగలేదు. మీ నాన్నగారు ఎక్కడుంటారు?"

"మీకు తలుపు తీసింది ఆయనే సార్."

"పిలవమ్మా."

"రాలేరు. బెల్లు ఎవరు కాస్తారు?"

నేను కాశాను. మా ఆయన్ని లోపలికి తోసి, గుమ్మంలో కుర్చీలో కూర్చున్నాను. అక్కడికి ఒక్క ముక్కా వినపడదు. లోపలేం జరిగిందో మర్నాడు టైపు చేస్తూ విన్నాను.

ఏమీ చేయని ఆ కొన్నాళ్ళూ ఆయన ఏమీ చేయకుండా లేరట. రోజూ టైముకి బయల్దేరి, తాళం వేసిన ప్రెస్సు మెట్ల మీద కూర్చుని, మధ్యాహ్నం డబ్బా తిని, సాయంత్రం దాకా పని వెతికి వచ్చేవారట. ఆ డబ్బా కట్టింది నేను. పని దొరకలేదని తెలుసు, మెట్ల సంగతి తెలియదు. ఆయన అక్షరాలు పేర్చినట్టే, ఒక్కొక్క మాటా దాని చోట పెట్టారు. టైపు ఆపి, మళ్ళీ మొదట్నుంచి విన్నాను. పొల్లుపోతుందని కాదు.

ప్రూఫు ఆయనే దిద్దారు. 'నాకు తెలియదు' దగ్గర వేలు ఆగింది. "ఆరే అక్షరాలు. పేర్చడానికి నిమిషం పట్టదు. అనడానికే నలభై రెండుమంది పట్టారు" అన్నారు.

ప్రచురణకర్త చదివి వెంటనే ఫోన్ చేసింది. పుస్తకం వేస్తుందట, మొదట ఇదే ఉండాలట. "అట్ట మీద మీ నాన్న పేరు కూడా వేద్దామా?" అంది.

"వేయకపోతే నేనివ్వను" అంది మా అమ్మాయి.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నా కాగితాలు ఎందుకు తీశావు?"

"అది చాలా సంక్లిష్టమైన విషయం" అన్నాను.