లెక్కలోకి రాని అక్క

ప్రొఫెసరు ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని, రెండో చేత్తో కంప్యూటరు తెర మీద అంకెల వరుసలు కిందికి జరుపుతూ ఉండగా అక్క మేడ మెట్లెక్కి వచ్చింది. వచ్చిందంటే ఒక్క ఊపున రాలేదు. సగంలో ఆగింది, గోడ పట్టుకుని నిలబడింది, మళ్లీ ఎక్కింది. గుమ్మానికి ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాక గానీ మాట పెగల్లేదు.

"ఒరేయ్, ఈ మెట్లు ఎవరో పెంచినట్టున్నార్రా."

"మెట్లు పెరగలేదక్కా. నీ వయసు పెరిగింది."

"రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు. గోడకి ఆనుకుని కూర్చుంటేనే నయంగా ఉంది. ఓసారి చూడు."

"ఇవాళ పెద్ద మీటింగుంది. సాయంత్రం ఆస్పత్రికి తీసుకెళ్తాలే."

"నిన్ను చూడమంటే ఆస్పత్రి అంటావేంటి? నువ్వు డాక్టరువి కాదా?"

నిజానికి ఆ సంగతి ఆయనకే సరిగ్గా తెలియదు. స్టెతస్కోపు పట్టి ఇరవై ఏళ్లు దాటింది. వార్డులో ఉన్న రోజుల్లోనే ఎదుట ఒక రోగి మూలుగుతుంటే, ఇలాంటివాళ్లు మొత్తం ఎందరు, ఈ మందుకి అందులో బతికినవాళ్లెందరు అని ఆయన బుర్ర లెక్కల్లోకి పారిపోయేది. చివరికి మనిషి కూడా బుర్ర వెంటే వెళ్లిపోయాడు. ఆస్పత్రివాళ్లు ఆయన్ని కంప్యూటరు మనిషి అనుకుంటారు, కంప్యూటరువాళ్లు డాక్టరు అనుకుంటారు. విద్యార్థులు మాత్రం 'లెక్కల డాక్టరు' అని పేరు పెట్టి తగువు తీర్చేశారు. పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా "ఈ పేపరు అచ్చవనీ" అనేవాడు. పేపర్లు అచ్చవుతూనే ఉన్నాయి, తల నెరుస్తూనే ఉంది. భర్త పోయాక చూసి పోదామని వచ్చిన అక్క, వీడికి వేళకి ఇంత ముద్ద పెట్టే దిక్కు లేదని ఇక్కడే ఉండిపోయింది.

వీధిలోవాళ్లకి మాత్రం ఇది డాక్టరుగారిల్లే. ఎవరికి తలనొప్పొచ్చినా అక్కని అడుగుతారు. అక్క రాత్రి భోజనాల దగ్గర తమ్ముణ్ణి అడిగి, పొద్దున్నే గోడ మీదుగా జవాబు చెబుతుంది, అందులో తన సొంత వైద్యం కూడా కాస్త కలిపి. తను మాత్రం ఏనాడూ ఆస్పత్రి గడప తొక్కలేదు. ఇంట్లో డాక్టరుండగా వెళ్లి క్యూలో నిలబడితే తమ్ముడికి నామోషీ అని ఆవిడ బాధ.

మీటింగు గదిలో పన్నెండేళ్ల కష్టం తెర మీద సిద్ధంగా ఉంది. ఊళ్లో ప్రతి మనిషి పేరూ అందులో ఉంది. ఆస్పత్రి వివరాలన్నీ చూసి, ఎవరికి త్వరలో గుండె మొరాయించే ప్రమాదముందో వందకి ఇంత అని చెప్పే ప్రోగ్రాము అది. ఎక్కువ వచ్చినవాళ్ల ఇళ్లకి నర్సులు వెళ్తారు. తక్కువ వచ్చినవాళ్ల ఇళ్లకి వెళ్లరు. డీన్ సంతకం పెడితే సోమవారం నుంచే మొదలు.

"మనవాళ్ల పేరు ఒకటి కొట్టి చూపించండి" అన్నాడు డీన్, పెన్ను మూత తీస్తూ.

ప్రొఫెసరు తన అక్క పేరూ, పుట్టిన తేదీ చెప్పాడు. ప్రోగ్రాము నడిపే అమ్మాయి టకటకా కొట్టింది. తెర మీద ఆకుపచ్చ గీత వెలిగింది. వందకి రెండు.

"ఇంకేం సార్! మీ అక్కగారు ఉక్కు మనిషి" అన్నాడు డీన్.

అందరితో పాటు ప్రొఫెసరూ నవ్వాడు. నవ్వు ఇంకా ముగియకుండానే పొద్దున మెట్ల మధ్యలో ఆగిన అక్క గుర్తొచ్చింది. పడుకుంటే ఊపిరాడకపోవడం. గోడకి ఆనుకుని నిద్ర. పరీక్షలో ఈ రెండు ముక్కలూ ఇస్తే కుర్ర విద్యార్థి కూడా తడుముకోకుండా గుండె అని రాస్తాడు. తను వయసు అన్నాడు.

"అమ్మాయ్, రెండే ఎందుకొచ్చింది?"

"ఆవిడ పేరు మీద ఏమీ లేదు సార్. బీపీ లేదు, షుగరు లేదు, ఒక్కసారి వచ్చి చూపించుకున్నట్టు కూడా లేదు. అంటే ఏ జబ్బూ లేనట్టే కదా?"

లేనట్టు కాదు, ఎవరూ చూడనట్టు. ఈ అనుమానం ఆయనకి ఎన్నడూ రాలేదని కాదు, వచ్చింది. అలాంటివాళ్లు కొద్దిమందేలే అని పక్కన పెట్టాడు. ఇప్పుడు ఆ కొద్దిమందిలో ఒకరు తన ఇంట్లో కూర్చుని ఉన్నారు.

"సంతకం పెట్టకండి. ఇది ఆస్పత్రికి రానివాళ్లందర్నీ ఆరోగ్యవంతుల కింద కట్టేస్తోంది."

"ఇంతదాకా వచ్చాక ఏంటి సార్! తరవాత సరిచేసుకుందాం."

"మా అక్క చచ్చిపోతుందండీ" అన్నాడు ప్రొఫెసరు. అని, తెరిచిన కంప్యూటరు తెరిచినట్టే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు.

అక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన నేల మీద చతికిలబడి, ఆవిడ చీలమండ మీద బొటనవేలు నొక్కి తీశాడు. నీరు పట్టి వాచిన కాలు గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఇన్నాళ్లకి చూశావురా" అంది అక్క. ఆవిడ మొహంలో నిజంగా సంతోషమే ఉంది.

ఆస్పత్రి కౌంటరు దగ్గర "పాత నంబరు చెప్పండమ్మా" అని అడిగారు. "మా తమ్ముడు ఇక్కడే ప్రొఫెసరు" అంది ఆవిడ, అదే తన నంబరన్నట్టు. కొత్త నంబరు ఇచ్చారు. చకచకా సూదులు పెట్టారు, మందులు ఎక్కించారు, ముక్కుకి గొట్టం తగిలించారు. ఇంకో నెల ముందు తీసుకొస్తే బాగుండేది సార్ అని ఆయన దగ్గర చదువుకున్న డాక్టరే మెల్లిగా చెప్పాడు. అక్క మాత్రం గొట్టం పక్కకి జరిపి మరీ నర్సుకి తమ్ముడి గొప్పలు చెప్పింది. తరవాత అలిసిపోయింది. ప్రొఫెసరు ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. లైట్లు వేసే వేళకి, ఆయన వేళ్ల కిందే నాడి పలచబడి, ఆగిపోయింది. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి ప్రోగ్రాము నడిపే అమ్మాయి వచ్చి, డీన్ సంతకం పెట్టలేదని చెప్పింది. ఆయన తలూపాడు. ఏం చెయ్యాలో తోచక ఆ అమ్మాయి వంగి మంచం కింద సామాను సర్దబోయింది.

"సార్, మీ చెప్పులు ఇక్కడున్నాయి."

ప్రొఫెసరు తన కాళ్లకేసి చూసుకున్నాడు. బూట్లున్నాయి. మంచం కింద, ఎప్పుడో పారేశాననుకున్న ఆయన పాత మగ చెప్పులు, పట్టీలు చివరి కన్నం దాకా వదులు చేసి, వాచిన అక్క పాదాల మేరకు సాగి ఉన్నాయి.